సాయం అడిగే గ్రూపుకి గదులు వేయడం: తెలుగు సాఫ్ట్‌వేర్ గ్రూపుల అడ్మిన్లకు సమగ్ర మార్గదర్శి

ఉదయం ఎనిమిదికి డాబాగార్డెన్స్‌లో డీటీపీ షాపు నడిపే ఆయన గ్రూపులో అడుగుతారు: "రైటర్‌లో ఒత్తులు విడిపోతున్నాయి, ఏం చెయ్యాలి?" దాని కింద నాలుగు శుభోదయాలు, రెండు గులాబీల బొమ్మలు పడతాయి. తర్వాత గాజువాక నుంచి ఒకావిడ జీఎస్టీ షీటు ఫొటో పెట్టి "టోటల్ తప్పొస్తోంది" అంటారు. జవాబు తెలిసిన కుర్రాడు సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి ఫోన్ చూసేసరికి రెండు ప్రశ్నలూ ఎక్కడో పైకి పోయి ఉంటాయి. వారం తిరక్కుండా అదే ఒత్తుల ప్రశ్న ఇంకొకరు అడుగుతారు. అప్పటికి ఓపికున్నవాళ్లు కూడా గ్రూపును మ్యూట్‌లో పెట్టేసి ఉంటారు.

ఇలాంటి గ్రూపును గదులుగా, అంటే ఒక్కో రకం ప్రశ్నలకి ఒక్కో విడి చోటుగా, సర్దడం గురించే ఈ మార్గదర్శి. విశాఖపట్నంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న తెలుగువాళ్లు లిబ్రెఆఫీస్ (ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్, పైన చెప్పిన రైటర్ అందులోదే), తెలుగు టైపింగ్ సమస్యల్లో ఒకరికొకరు సాయపడే గ్రూపును ఉదాహరణగా తీసుకుంటున్నాను. మీది బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గ్రూపైనా, లినక్స్ గ్రూపైనా పద్ధతి పెద్దగా మారదు. మొత్తం పనికి సూత్రం ఒకటే: గది పేరు అడిగేవాళ్ల నోట్లోంచి రావాలి, ఒక గదిని రెండు చెయ్యాలా వద్దా అన్నది జవాబు చెప్పేవాళ్లను చూసి తేల్చుకోవాలి.

1. ముందు పాత ప్రశ్నలు పోగెయ్యండి

గదుల పేర్లు ఆలోచిస్తూ కూర్చోవద్దు. ఇప్పుడున్న వాట్సాప్ గ్రూపు మెనూలో 'ఎక్స్‌పోర్ట్ చాట్' నొక్కితే సంభాషణ టెక్స్ట్ ఫైలుగా వస్తుంది. అందులోంచి ఈ మధ్య వచ్చిన ఓ వంద ప్రశ్నలు ఏరండి. లిబ్రెఆఫీస్ లెక్కల పట్టీ అయిన కాల్క్‌లో వరుసకొకటి చొప్పున, అడిగినవాళ్ల మాటల్లోనే, అక్షరం దిద్దకుండా పెట్టండి. పేర్లు, ఫోన్ నంబర్లు తీసెయ్యండి. పక్క గడిలో ఎలాంటివాళ్లు జవాబిచ్చారో (డీటీపీ అనుభవం ఉన్నవాళ్లా, లెక్కలు తెలిసినవాళ్లా, కంప్యూటర్ బాగుచేసేవాళ్లా), ఆ పక్కన అసలు తప్పు ఎక్కడుందో రెండు ముక్కల్లో రాయండి.

విసుగు పుట్టే పనే. అయినా ఇద్దరు కూర్చుంటే ఒక ఆదివారంలో తేలిపోతుంది. ఒకేలాంటి వరుసలను దగ్గరకు జరుపుతూ పోతే ఏ ప్రశ్నలు ఎక్కువో, ఏవి అరుదో కంటికి కనబడతాయి. "బేస్ గురించి ఒక్కరూ అడగలేదే" అన్న సంగతి కూడా ఇక్కడే బయటపడుతుంది (బేస్ అంటే అందులోని డేటాబేస్ ప్రోగ్రాము).

2. సాఫ్ట్‌వేర్ మెనూని గదులుగా మార్చకండి

కొత్తగా అడ్మిన్ అయినవాళ్లకి మొదట తట్టేది ఇదే. లిబ్రెఆఫీస్‌లో రైటర్, కాల్క్, ఇంప్రెస్, డ్రా, బేస్, మ్యాథ్ అని ఆరు ప్రోగ్రాములు ఉన్నాయి కాబట్టి ఆరు గదులు వేసేద్దాం అనిపిస్తుంది. చూడ్డానికి శుభ్రంగానే ఉంటుంది, వాడకంలోకి వచ్చాకే దెబ్బతింటుంది. వైజాగ్ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ప్లాట్‌ఫారాలు బస్సు వెళ్లే ఊరిని బట్టి ఉంటాయి. బస్సును ఏ కంపెనీ తయారుచేసిందో దాన్ని బట్టి ప్లాట్‌ఫారాలు వేస్తే శ్రీకాకుళం వెళ్లాల్సినాయన ఎక్కడ నిలబడాలి?

డీటీపీ ఆయన ప్రశ్ననే తీసుకోండి. ఆయన రైటర్ వాడుతున్నారు. అదే ఇబ్బంది ఇంప్రెస్‌లో స్లైడ్లు చేసుకునే టీచరమ్మకీ, కాల్క్‌లో రేట్ల పట్టీ రాసుకునే పూర్ణా మార్కెట్ వ్యాపారికీ వస్తుంది. లిబ్రెఆఫీస్ తెలుగును 'కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్' అనే విభాగం కింద చూస్తుంది. ఇంగ్లిష్ ఫాంటు వేరు, ఆ విభాగంలో తెలుగుకి పెట్టుకునే ఫాంటు వేరు. ఈ తీరు రైటర్‌లోనూ ఇంప్రెస్‌లోనూ కాల్క్‌లోనూ ఒకటే. మెనూ ప్రకారం గదులు వేస్తే ఒకే జవాబు మూడు చోట్ల రాయాలి. ముగ్గురికీ జవాబు చెప్పేది మాత్రం ఒక్కరే, ఫాంట్లు తెలిసిన మనిషి. కాబట్టి ముగ్గురికీ గది కూడా ఒక్కటే ఉండాలి.

ఇంకో రెండు ఆకర్షణలున్నాయి, వాటినీ వదిలెయ్యండి. ఒకటి ప్రాంతాల వారీగా గదులు: గాజువాక, మధురవాడ, అనకాపల్లి, భీమిలి అని. ప్రింటర్ గాజువాకలో మొరాయించినా భీమిలిలో మొరాయించినా జవాబు ఒక్కటే. ఎంవీపీ కాలనీలోనో సిరిపురంలోనో ఎదురుగా కలుసుకునే కార్యక్రమాలు పెడితే దానికి ఒక ట్యాగు (పోస్టుకి తగిలించే చిన్న గుర్తింపు మాట) చాలు. రెండోది 'కొత్తవాళ్లు', 'నిపుణులు' అనే విభజన. కొత్తవాళ్ల గదిలోకి నిపుణులు తొంగి చూడరు, తనకు ఏమీ రాదని నలుగురిలో ఒప్పుకునే గదిలోకి షాపు యజమాని అడుగుపెట్టరు. జవాబులు ఉన్నచోట ప్రశ్నలు లేక, ప్రశ్నలు ఉన్నచోట జవాబులు లేక రెండూ పాడుబడతాయి.

3. వేదిక ఎంచుకోవడం

వాట్సాప్ అందరి ఫోన్‌లోనూ ఉంది, దాని బలం అదొక్కటే. గ్రూపులో 1024 మంది వరకు ఉండొచ్చు, 2022లో వచ్చిన కమ్యూనిటీస్ సదుపాయంతో కొన్ని గ్రూపుల్ని ఒక గొడుగు కిందకి తేవచ్చు. కానీ గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనబడతాయి, పాత జవాబు వెతికి పట్టుకోవడం కష్టం. మా అత్తగారింటి గ్రూపుకి అది బాగానే ఉంటుంది, సాయం అడిగే చోటుకి చాలదు.

టెలిగ్రామ్‌లో 2022 చివర్లో 'టాపిక్స్' వచ్చాయి. ఒకే గ్రూపులో విడివిడి గదులు పెట్టుకోవచ్చు, నంబర్లు దాచుకోవచ్చు, స్లో మోడ్ పెడితే ఒకే మనిషి వరసగా పది మెసేజ్‌లు కుమ్మరించడం ఆగుతుంది. సర్వరు ఖర్చు భరించేవాళ్లు లేకపోతే నా సలహా ఇదే. డిస్కార్డ్‌లో ఫోరమ్ ఛానెళ్లు ఉన్నాయి, ప్రతి ప్రశ్నా ఒక విడి పోస్టు అవుతుంది, ట్యాగులు పెట్టొచ్చు. ఇంజనీరింగ్ కుర్రాళ్లకి అలవాటే, అకౌంటెంట్లకి మాత్రం అదొక ఆటల లోకంలా కనిపిస్తుంది. జులిప్ అనే చాట్ సాఫ్ట్‌వేర్‌లో ప్రతి సంభాషణకీ శీర్షిక ఉంటుంది, తప్పు చోట పడిన మెసేజ్‌లను వేరే శీర్షిక కిందికి తేలిగ్గా జరపవచ్చు. రోజూ కూర్చుని పనిచేసే చిన్న బృందానికి అది చక్కగా సరిపోతుంది.

జవాబులు ఏళ్లకేళ్లు నిలవాలి, గూగుల్‌లో వెతికితే దొరకాలి అనుకుంటే డిస్‌కోర్స్ మేలు. 2013 నుంచి ఉన్న ఓపెన్ సోర్స్ ఫోరమ్ సాఫ్ట్‌వేర్ ఇది. లిబ్రెఆఫీస్ వాళ్ల అధికారిక ప్రశ్నల చోటు కూడా దీని మీదే నడుస్తుంది. కనీసం 1 జీబీ ర్యామ్, దానికి తోడు స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) ఉన్న సర్వరు కావాలి, ఈమెయిల్ పంపే సేవ కూడా కావాలి. పెట్టినవాళ్లలో చాలామంది ఈమెయిల్ దగ్గరే ఇరుక్కుంటారు. ఆ ఏర్పాటు తేలకముందు ఎవరినీ ఆహ్వానించకండి, ఖాతా తెరవడానికి వచ్చే లింకే వాళ్లకి అందదు.

వేదిక మార్చినా పాత వాట్సాప్ గ్రూపును మూసెయ్యకండి. దాన్ని ప్రకటనలకు మాత్రం ఉంచి, ప్రశ్న పడినప్పుడల్లా ఇటు లింకు ఇస్తూ ఉండండి. అలవాటు మారడానికి నెలలు పడుతుంది.

4. ఆరు గదులతో మొదలుపెట్టండి

మన ఉదాహరణ గ్రూపుకి నేనైతే ఇలా వేస్తాను. పేర్లూ, వాటి కింద రాసే వివరణా రెండూ ముఖ్యమే.

- తెలుగు అక్షరాలు, టైపింగ్: ఒత్తులు విడిపోతున్నాయా, డబ్బాలు కనబడుతున్నాయా, అను ఫాంట్లలో చేసిన పాత ఫైలు తెరిస్తే పిచ్చి అక్షరాలు వస్తున్నాయా? ఇక్కడ అడగండి.
- ఫైళ్లు, ప్రింట్: వర్డ్, ఎక్సెల్ ఫైళ్లు తెరిస్తే తేడా రావడం, పీడీఎఫ్ చెయ్యడం, ప్రింటర్ మొరాయించడం.
- లెక్కలు, ఫార్ములాలు: టోటల్ తప్పు రావడం, తేదీలు తారుమారు కావడం, జీఎస్టీ షీట్లు.
- ఇన్‌స్టాల్, అప్‌డేట్: ఎక్కించడం, పాతది తీసెయ్యడం, తెరుచుకోకపోవడం, మధ్యలో ఆగిపోవడం.
- ఎక్కడ అడగాలో తెలియట్లేదు: ఇక్కడ పెట్టండి, సర్దే పని మాది.
- రచ్చబండ: కబుర్లు, పండగ శుభాకాంక్షలు, ఉద్యోగ ప్రకటనలు.

వివరణలో 'పిచ్చి అక్షరాలు' అని రాయడం కావాలనే. అను లాంటి పాత ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ విడి నంబరు ఇచ్చే పద్ధతి) కంటే ముందు పద్ధతివి. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చిపెట్టారు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అడుగునున్న ఇంగ్లిష్ గుర్తులే బయటపడతాయి. మనకి ఇది తెలుసు కాబట్టి 'ఎన్‌కోడింగ్ సమస్యలు' అని పేరు పెట్టాలనిపిస్తుంది. అడిగేవాళ్లకి ఎన్‌కోడింగ్ అనే మాట తెలిస్తే సగం సమస్య వాళ్లే తీర్చుకునేవాళ్లు.

ఐదో గది గురించి ఒక మాట. చాలాచోట్ల దీనికి 'ఇతరాలు' అని పేరు పెడతారు. 'ఇతరాలు'లో పడ్డది అక్కడే ఉండిపోతుంది, కొన్నాళ్లకి అదే అన్నిటికంటే పెద్ద గది అవుతుంది. 'తెలియట్లేదు' అని పెడితే అది తాత్కాలికమని అందరికీ అర్థమవుతుంది, రాత్రికల్లా ఖాళీ చెయ్యాలన్న పట్టింపు గదుల్ని చూసుకునే మోడరేటర్లకీ ఉంటుంది. ఏ ప్రశ్నలు ఇందులో మళ్లీ మళ్లీ పడుతున్నాయో చూస్తే మీ గదుల పేర్లలో ఏది అర్థం కావట్లేదో తెలిసిపోతుంది.

రచ్చబండ పేరు నా సొంతం కాదు. తెలుగు వికీపీడియాలో అందరూ కలిసి మాట్లాడుకునే పేజీకి ఆ పేరే ఉంది, సాయం అడగడానికి వేరే పేజీ ఉంది. ఆ విభజన మనకీ పనికొస్తుంది. కబుర్లకి చోటు ఇవ్వని గ్రూపులో కబుర్లు ఆగవు, ప్రశ్నల మధ్యలోకి వస్తాయి.

గదుల్ని ఎక్కువ ప్రశ్నలు వచ్చే వరసలో పెట్టండి. అన్నిటికంటే పైన చదవడానికి మాత్రమే వీలున్న ఒక చిన్న స్వాగత పోస్టు ఉంచండి. ఫోన్ తెరలో ఒక్కసారికి కనబడేంతే రాయండి, పదిహేను నియమాలు రాస్తే చదివేది రాసినవారే.

5. గదికి చెప్పలేనివి ట్యాగుకి చెప్పండి

విండోస్ 10, విండోస్ 11, ఉబుంటు, ఫోను: ఇవి గదులు కావు. సమస్య ఏదైనా వీటిలో ఒకటి తోడుగా ఉంటుంది, అందుకే ఇవి ట్యాగులు. కొత్త ట్యాగు పుట్టించే హక్కు మోడరేటర్లకే ఉంచండి, లేకపోతే 'ప్రింటర్', 'ప్రింటర్స్', 'ప్రింటు' అని ఒకే దానికి మూడు పేర్లు పుడతాయి. డిస్కార్డ్‌లో ఒక ఫోరమ్ ఛానెల్‌కి 20 ట్యాగులే పెట్టనిస్తారు, ఒక పోస్టుకి ఐదు. ఆ పరిమితి మిగతా చోట్ల కూడా పాటించదగ్గదే.

6. ప్రశ్న పెట్టే మూస

ఖాళీ పెట్టె ఇస్తే "సార్ రావట్లేదు" అని వస్తుంది. నాలుగు లైన్ల మూస ముందే నింపి ఉంచండి:

ఏం చెయ్యబోయారు?
ఏం జరిగింది? (తెర మీద కనబడిన మాటలు ఉన్నవి ఉన్నట్టు)
ఏ కంప్యూటర్, ఏ వెర్షన్?
ఇప్పటికే ఏం ప్రయత్నించారు?

మూడో లైన్ దగ్గర సాయం కావాలి. వెర్షన్ నంబరు ఎక్కడుంటుందో (హెల్ప్ మెనూలో చివరన) అక్కడే రాయండి. లిబ్రెఆఫీస్ విషయంలో ఇంకో చిక్కుంది. 2024 మొదట్లో నంబర్ల పద్ధతి మార్చారు. 7.6 తర్వాత వచ్చింది 24.2, అంటే 2024వ సంవత్సరం రెండో నెల. "మీది 7, నాది 24, మధ్యలో ఇన్ని ఎప్పుడొచ్చాయి?" అని అడిగేవాళ్లు ఉంటారు. నంబర్ల పద్ధతి మారిందన్న ఒక్క వాక్యం స్వాగత పోస్టులో ఉంటే మంచిది.

స్క్రీన్‌షాట్లు రానివ్వండి కానీ జాగ్రత్త చెప్పండి. జీఎస్టీ షీటు ఫొటోలో పాన్ నంబర్లు, వార్డు సచివాలయం నుంచి వచ్చిన ఫైలులో జనం ఆధార్ వివరాలు ఉంటాయి. అవి అడిగినవాళ్లవి కావు, వాళ్ల ఖాతాదారులవి. వ్యక్తిగత డేటా రక్షణకి మన దేశంలో 2023లో చట్టమే వచ్చింది. అలాంటి ఫొటో కనబడగానే ముందు దాచండి, ఆ తర్వాత జవాబు చెప్పండి.

తెలుగుకే ప్రత్యేకమైన ఒక నియమం కూడా పెట్టుకోవాలి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను పడగొట్టిన 'జ్ఞా' సంగతి గుర్తుండే ఉంటుంది. జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక గుర్తు దూరిన రూపం తెర మీదకి రాగానే ఐఓఎస్ 11.2.5లో యాప్‌లు మూసుకుపోయేవి, 11.2.6తో ఆపిల్ దాన్ని సరిచేసింది. ఈలోపు సరదాకి దాన్ని ఫార్వర్డ్ చేసినవాళ్లకి కొదవ లేదు. ఏదైనా అక్షరం సాఫ్ట్‌వేర్‌ని పడగొడుతోందని అనుమానం వస్తే దాన్ని గదిలో అతికించకూడదు, ఫైలుగా జతచెయ్యాలి. అడిగినవాళ్ల సమస్య గది మొత్తానికి అంటుకోకూడదు.

డిస్‌కోర్స్ పెట్టినవాళ్లకి: మామూలు సెట్టింగుల్లో కొత్త సభ్యులు ఫైళ్లు జతచెయ్యలేరు, పైగా బొమ్మల రకాలు తప్ప ఆఫీస్ ఫైళ్ల రకాలు అనుమతుల జాబితాలో ఉండవు. సాయం అడగడానికి వచ్చినవాళ్లకి ఇది మొదటి గోడ. ఓడీటీ, ఓడీఎస్, డాక్స్, ఎక్సెల్, పీడీఎఫ్ రకాలు కలపండి. మాక్రోలు (ఫైలు లోపలే ఉండి నడిచే చిన్న ప్రోగ్రాములు) ఉండే రకాలను బయటే ఉంచండి.

7. తెలుగులో వెతికితే దొరికేలా చెయ్యడం

గదుల కంటే ఎక్కువ శ్రమ పెట్టాల్సింది ఇక్కడే. దీని గురించి ఇంగ్లిష్‌లో రాసిన సలహాలు మనకి చాలవు.

ఒకే ప్రశ్నను మనవాళ్లు ఎన్ని రకాలుగా రాస్తారో చూడండి. ఒకరు శుభ్రంగా "ప్రింట్ రావట్లేదు" అంటారు. ఇంకొకరు అదే తెలుగు మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. మూడోవారు పూర్తి ఇంగ్లిష్‌లో రాస్తారు. విజయనగరం వైపు నుంచి వచ్చినాయన "ఏటి, ప్రింటు రావట్నేదు" అంటారు. నలుగురిదీ ఒకటే బాధ, వెతికే పెట్టె మాత్రం నాలుగు వేర్వేరు సంగతులు అనుకుంటుంది.

దానికి తోడు విభక్తులు. ప్రింటర్, ప్రింటర్‌కి, ప్రింటర్‌లో, ప్రింటర్లు: ఇవన్నీ ఒకే మాట అన్న సంగతి చాలా సాఫ్ట్‌వేర్ల వెతుకులాటకి తెలియదు. ఇంకా లోపలికి వెళ్తే, 'ప్రింటర్‌లో' అని విడిగా కనబడాలంటే మధ్యలో కనబడని ఒక గుర్తు ఉండాలి. కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు, అప్పుడు 'ప్రింటర్లో' అవుతుంది. కంటికి ఒకటే అనిపించే మాటలు కంప్యూటర్‌కి వేరు.

దీనికి మూడు పనులు చెయ్యొచ్చు. మొదటిది, శీర్షికలు దిద్దే హక్కు మోడరేటర్లకు ఇవ్వండి. వాళ్లు మొహమాటం లేకుండా దిద్దాలి. "అర్జెంట్ సార్ ప్లీజ్" అన్న శీర్షికను "రైటర్: ప్రింట్ తీస్తే తెలుగు ఒత్తులు విడిపోతున్నాయి" అని మార్చాలి. అడిగినవారి పోస్టులోని మాటలు మాత్రం ముట్టుకోకండి, రేపు అలాగే వెతికేవాళ్లు ఉంటారు. రెండోది, శీర్షికల్లో వాడే మాటలకి ఒక చిన్న పట్టిక పెట్టుకోండి: 'ఫాంటు' అనాలా 'ఫాంట్' అనాలా, 'ప్రింట్' అనాలా 'ముద్రణ' అనాలా. ఏదైనా సరే, ఒకటే అనుకుంటే చాలు. నా ఓటు జనం వాడే మాటకే. 'ముద్రకం' అని వెతికేవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. మూడోది, పరిష్కారమైన ప్రతి జవాబు చివర ఒక లైన్ కలపండి, అందులో అదే సమస్యకి వేరే పేర్లు, ఇంగ్లిష్ అక్షరాల్లో రాసే రూపంతో సహా ఇవ్వండి. డిస్‌కోర్స్‌లో ట్యాగులకి పర్యాయపదాలు పెట్టే సదుపాయం ఉంది, దాన్నీ వాడుకోండి.

8. తప్పు గదిలో పడ్డ ప్రశ్నను జరపడం

జరపడం తేలికే, జరిపినట్టు చెప్పడంలోనే చిక్కుంది. "రాంగ్ ఛానెల్, రూల్స్ చదవండి" అని ఒక్క ముక్క అంటే యాభై ఏళ్ల అకౌంటెంట్ మళ్లీ ఆ గ్రూపు మొహం చూడరు. ముందు జవాబు చెప్పి, తర్వాత జరపండి, ఆ తర్వాత చెప్పండి. ఇలా:

"గురువుగారూ, జవాబు పైన రాశాను, ఒకసారి చూడండి. ఇదే ఇబ్బంది పడేవాళ్లకి దొరకాలని మీ ప్రశ్నను 'తెలుగు అక్షరాలు' గదిలోకి జరిపాను. మీకు లింకు అలాగే పనిచేస్తుంది."

వయసు తెలియనప్పుడు అండీ అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. కాలేజీ పిల్లల మధ్య అన్నా, అక్కా, తమ్ముడూ అని సాగిపోతుంది, వాటిని ఆపక్కర్లేదు. కానీ మోడరేటర్ హోదాలో మాట్లాడేటప్పుడు ఎవరినీ 'నువ్వు' అనకండి, మీ క్లాస్‌మేట్‌ని అయినా సరే. పక్కన చదివేవాళ్లకి వాళ్లు మీ క్లాస్‌మేట్ అని తెలియదు.

ఒకే పోస్టులో మూడు ప్రశ్నలు అడిగితే విడదీయండి. రెండేళ్ల కిందటి పోస్టు కింద "నాక్కూడా" అని కొత్త సమస్య రాస్తే దాన్ని కొత్త పోస్టుగా చేసి పాతదానికి లింకు ఇవ్వండి. పాత ప్రశ్నే మళ్లీ అడిగితే తుడిచెయ్యకండి, పాత జవాబు లింకు పెట్టి మూసెయ్యండి. వేరే మాటల్లో అడిగిన ప్రతి ప్రశ్నా ఇంకొకరికి దారి చూపిస్తుంది.

9. 'పరిష్కారమైంది' అన్న గుర్తు

డిస్‌కోర్స్‌లో సాల్వ్‌డ్ ప్లగిన్, జులిప్‌లో 'రిజాల్వ్‌డ్', డిస్కార్డ్‌లో ఒక ట్యాగు, టెలిగ్రామ్‌లో చేత్తో పెట్టే టిక్కు: ఏదైనా సరే, ఒకటి ఉండాలి. మనవాళ్లు పని అయిపోయాక "థాంక్స్ అండీ, వచ్చింది" అని వెళ్లిపోతారు, ఎలా వచ్చిందో చెప్పరు. మోడరేటర్ ఒక్కసారి "ఏది చేస్తే వచ్చిందండీ?" అని అడగాలి. మూడు రోజులైనా జవాబు రాకపోతే, సరైనదని తోచిన దానికి గుర్తు పెట్టి కదలండి.

సమస్య సాఫ్ట్‌వేర్‌లోనిదే అని తేలితే మన గదిలో చర్చించి లాభం లేదు, లిబ్రెఆఫీస్ వెనకున్న సంస్థ ద డాక్యుమెంట్ ఫౌండేషన్ తప్పులు నమోదు చేసుకునే బగ్‌జిల్లాలో నమోదు కావాలి. అది ఇంగ్లిష్‌లో రాయాలి కాబట్టి మన సభ్యుల్లో చాలామంది వెనకాడతారు. నెలకొకరు చొప్పున ఆ పని వంతులవారీగా తీసుకునే ఏర్పాటు పెట్టండి. నమోదు చేశాక ఆ నంబరు తెచ్చి మన పోస్టులో అతికించడం మరిచిపోకండి.

10. ఎవరికి ఏ హక్కు?

డిస్‌కోర్స్‌లో 0 నుంచి 4 దాకా నమ్మకపు స్థాయిలు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్లు 0లో ఉంటారు. 5 చర్చలు తెరిచి, 30 పోస్టులు చదివి, 10 నిమిషాలు గడిపితే 1కి చేరతారు. 4వ స్థాయి అడ్మిన్లు చేత్తో ఇచ్చేది. ఈ లెక్కల్ని అలాగే వదిలెయ్యండి, స్పామ్‌ని చాలావరకు ఇవే ఆపుతాయి.

మోడరేటర్లను గది వారీగా పెట్టుకుంటే మేలు. 'లెక్కలు' గదికి నెలలో 11, 20 తేదీల ముందు తాకిడి ఎక్కువ, జీఎస్టీ రిటర్నులైన జీఎస్టీఆర్ 1కీ, 3బీకీ నెలవారీ గడువులు అవే. ఆ రోజుల్లో లెక్కలు తెలిసినవాళ్లు ఇద్దరు అందుబాటులో ఉండేలా చూసుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది.

ఒక నియమం మాత్రం ఏ వేదికలోనైనా పెద్ద అక్షరాల్లో ఉండాలి: ఇక్కడి సాయం బయటే, అందరి ముందే. "నేను సపోర్ట్ టీమ్, ఎనీడెస్క్ వేసుకుని కోడ్ చెప్పండి" అంటూ (ఎనీడెస్క్ అంటే దూరం నుంచి మన కంప్యూటర్‌ని నడిపే యాప్) ప్రైవేట్‌గా మెసేజ్ పెట్టేవాళ్లు సాయం అడిగే గ్రూపులనే వెతుక్కుంటూ వస్తారు, ఎందుకంటే ఇబ్బందిలో ఉన్నవాళ్లు అక్కడ దొరుకుతారు. ప్రైవేట్ మెసేజ్‌లను కొత్త సభ్యులకు ఆపెయ్యండి. డబ్బు పోయినవాళ్లు వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యాలని స్వాగత పోస్టులో రాసి ఉంచండి.

11. గదిని చీల్చడం, కలపడం, మూయడం

కొన్ని నెలలకి ఎవరో ఒకరు "మాక్రోలకి వేరే గది కావాలి" అంటారు. మూడు సంగతులు చూడండి. ఆ విషయం మీద ప్రశ్నలు వారం వారం వస్తున్నాయా? వాటికి జవాబు చెప్పేవాళ్లు ఇప్పుడున్న గదిలో జవాబిచ్చేవాళ్ల కంటే వేరేవాళ్లా? కొత్త గదిని రోజూ చూస్తానని ఒకరు పేరు ఇచ్చారా? మూడింటికీ అవును అయితేనే చీల్చండి. మొదటిదానికి మాత్రమే అవును అయితే ట్యాగు చాలు.

అడిగినవాళ్లకి కాదనడం కష్టం, ముఖ్యంగా బాగా జవాబులిచ్చే మనిషి అడిగితే. అయినా ఖాళీ గది గ్రూపు మొత్తానికి చెడ్డపేరు తెస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్నే ముందు తెరిచి, చివరి పోస్టు ఐదు నెలల కిందటిదని చూసి, ఇక్కడ ఎవరూ లేరనుకుని వెళ్లిపోతారు. ఏ గదిలోనైనా రెండు నెలలుగా కొత్త ప్రశ్న లేకపోతే పక్క గదిలో కలిపెయ్యండి. పోస్టులు పోకూడదు, లింకులు తెగకూడదు. ముందుగా రచ్చబండలో ఒక మాట చెప్పి కలిపితే గొడవ రాదు.

12. బ్యాకప్, తాళాలు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు వైజాగ్‌లో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. సర్వరు మన ఊళ్లోని ఏ ఆఫీసులోనో బల్ల కింద ఉంటే ఆ పూట నుంచి గ్రూపు లేనట్టే. బ్యాకప్ ఊరి బయట, వేరే కంపెనీ దగ్గర ఉండాలి. అడ్మిన్లలో కనీసం ఒకరు విశాఖపట్నం బయట ఉండేవాళ్లు కావాలి. డిస్‌కోర్స్ తనంతట తాను బ్యాకప్ తీస్తుంది కానీ మామూలుగా దాన్ని అదే సర్వరులో దాస్తుంది. బయటికి పంపే ఏర్పాటు మీరే పెట్టాలి. టెలిగ్రామ్ వాడేవాళ్లు డెస్క్‌టాప్ యాప్‌లోని ఎక్స్‌పోర్ట్ సదుపాయంతో నెలకోసారి చర్చల్ని దింపుకోవాలి.

మూడు నెలలకోసారి ఆ బ్యాకప్‌ని ఒక ఖాళీ సర్వరులో ఎక్కించి, నాలుగు పాత పోస్టులు తెరిచి, తెలుగు సరిగ్గా కనబడుతోందో, జతచేసిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయో చూడండి. డొమైన్ పేరు, సర్వరు బిల్లు, ఈమెయిల్ సేవ: ఈ మూడూ ఒక్కరి సొంత ఈమెయిల్ మీద ఉండకూడదు. గ్రూపు పేరుతో ఒక ఈమెయిల్ తెరిచి, దాని పాస్‌వర్డు, రికవరీ కోడ్లు ఇద్దరి దగ్గర ఉంచండి. డొమైన్ గడువు తేదీని ఇద్దరి ఫోన్ క్యాలెండర్లలోనూ నెల ముందుకి రాసుకోండి.